పుట్టి మునగకుండా...

'ఇప్పుడేం పుట్టి మునిగిందని అంత కంగారు?'

ప్రతి తెలుగింట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. గ్యాస్ బండ అయిపోయిందని అమ్మ హడావుడి పడితే నాన్న అంటాడు. బస్సు వెళ్లిపోతుందని నాన్న గాభరా పడితే అమ్మ అంటుంది. నేనూ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నా. కానీ ఆ పుట్టి ఏమిటో, అది మునగడమంటే ఏమిటో నిజంగా తెలిసింది మాత్రం మొన్న వేసవిలో... బీచుపల్లిలో!

ఈ శీర్షికలో ఇప్పటిదాకా పాత కుర్చీలు బాగుచేసుకున్నాం, తుప్పు పట్టిన బీరువాలకు రంగులేసుకున్నాం. ఈ వారం కాస్త పెద్ద పనే పెట్టుకుందాం. పాత పడవకు ఇంటి దగ్గరే, తక్కువ ఖర్చుతో కొత్త పూత వేయడం. 'మా ఇంట్లో పడవెక్కడుంది?' అంటారా? లేకపోయినా చదవండి. చివర్లో మీ ఇంటి రేకులకూ పనికొచ్చే సంగతి ఉంది.

వేపచెట్టు కింద బోర్లాపడ్డ బుట్ట

హైదరాబాద్ నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కృష్ణను దాటేది బీచుపల్లి దగ్గరే. ఆ రోడ్డును 7వ నంబరుగానే గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇప్పటికీ చాలామంది. ఒక ఒడ్డు గద్వాల వైపు, ఇంకో ఒడ్డు వనపర్తి వైపు. 2016లో జిల్లాలు విడిపోకముందు రెండూ మహబూబ్‌నగరే. ఒడ్డునే ఆంజనేయస్వామి. వ్యాసరాయలవారు ప్రతిష్ఠించారని చెబుతారు. లారీ డ్రైవర్లు బండి ఆపి ఓ కొబ్బరికాయ కొట్టిగానీ ముందుకు కదలరు.

మేము వెళ్లినప్పుడు కృష్ణమ్మ బాగా చిక్కిపోయి ఉంది. బండరాళ్లు తేలి, మధ్యలో పాయలు పాయలుగా నీళ్లు. దర్శనం చేసుకుని ఒడ్డు వెంట నడుస్తుంటే ఓ వేపచెట్టు కింద పెద్ద బుట్టలాంటిది బోర్లా పడి ఉంది. మామూలు బుట్ట కాదు, నలుగురు కూర్చుని భోంచేసేంత వెడల్పు. దాని పక్కన అరవై దాటిన పెద్దాయన ఒకరు గొంతుక్కూర్చుని, చిన్న కొడవలితో నల్లటి పెచ్చులు గీకుతున్నారు. కాస్త దూరంలో ఆయన కోడలు దబ్బనంతో యూరియా సంచులు కుడుతోంది.

"ఏం చేస్తున్నారు పెద్దాయనా?" అన్నా.

"పుట్టికి అంగీ మారుస్తున్న సారు. వానలొచ్చి పైన జూరాల గేట్లు ఎత్తితే ఇంక తీరుబడి ఉండదు. గందుకే ఇప్పుడే చేసుకోవాలె" అన్నారు తలెత్తకుండానే.

ఇంకేముంది, నేనూ అక్కడే చతికిలబడ్డా. మా ఆవిడ, పిల్లలు అరగంట చూసి, విసిగి, కారెక్కి కూర్చున్నారు. నేను మాత్రం మధ్యాహ్నం దాకా కదల్లేదు.

రెండు వేల ఏళ్ల నాటి డిజైను

పుట్టికి ముందూ వెనకా ఉండవు. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి గంప, దానికి నీరు దిగని తొడుగు, నడపడానికి ఒక తెడ్డు. అంతే! మేదరివాళ్లు గంప అల్లితే బెస్తలు దాన్ని నీళ్లలో దింపుతారు. రాళ్లున్న చోట, లోతు తక్కువున్న చోట కర్ర పడవ అడుగు తగిలి పగిలిపోతుంది. వెదురు మాత్రం వంగి, సర్దుకుని, జారిపోతుంది. కృష్ణ, తుంగభద్రల్లాంటి రాతి నదులకు ఇంతకన్నా మంచి పడవ లేదు. పైగా ఒక్క మనిషి నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు.

1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఈ పుట్టిలను చూసి ముచ్చటపడ్డాడు. లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మందిని మోస్తాయి, కానీ తిన్నగా పోవు, గిరగిరా తిరుగుతూ పోతాయి అని రాసుకున్నాడు. అంతకన్నా దాదాపు రెండు వేల ఏళ్ల ముందే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోన్‌లో ఇలాంటి గుండ్రటి తోలు పడవల గురించి చెప్పాడు. అక్కడి వర్తకులు సరుకుతో నది దిగువకు వచ్చి, సరుకుతోపాటు పడవ చట్రాన్నీ అమ్మేసేవారట. తోలును మాత్రం అమ్మేవారు కాదు. గాడిదల మీద వేసుకుని వెనక్కి తీసుకెళ్లేవారు. చట్రం చవక, తొడుగు ఖరీదు!

బీచుపల్లిలో ఇప్పుడా లెక్క తిరగబడింది. మన దగ్గరా ఒకప్పుడు బర్రెతోలే కప్పేవారు. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ సంచి, డాంబరు వచ్చాయి. తొడుగు చవక, వెదురు గంప ఖరీదు. అందుకే పెద్దాయన గంపను కళ్లలో పెట్టుకుని చూసుకుంటారు. తొడుగును మాత్రం పాడైనప్పుడల్లా మారుస్తారు. "కొత్త పుట్టి కొనేదాంట్లో మూడో వంతు కూడ కాదు సారు. కష్టం మనది కద, దానికి పైసలు లెక్కెయ్యం" అన్నారు నవ్వుతూ.

చల్లటి పూట గీకాలి

పని వరస ఇదీ. ఒక్కటీ మార్చకూడదంటారు పెద్దాయన.

మొదటిది, పాత పూత తీయడం. ఇది తెల్లవారుజామునే చేయాలి. చల్లగా ఉన్నప్పుడు డాంబరు గాజులా పెళుసుగా ఉంటుంది. గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. పదింటికల్లా ఎండ ముదిరితే అదే డాంబరు హల్వా అయి కూర్చుంటుంది. కొడవలికీ చేతికీ అంటుకోవడం తప్ప పని సాగదు. మామూలుగా రోడ్లకు వాడే తారు 50 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడుతుంది. గద్వాల మే నెల ఎండలో నల్లటి వస్తువు ఆ వేడిని ఇట్టే అందుకుంటుంది.

రెండోది, గంపను పరీక్షించడం. ప్రతి బద్దనూ బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే సరే. లోపలికి దిగినా, పసుప్పచ్చటి పొడి రాలినా పురుగు పట్టినట్టే. ఆ బద్ద తీసేసి, నీళ్లలో నానబెట్టిన కొత్త బద్ద దూర్చాలి. నానితే వెదురు విరక్కుండా వంగుతుంది. అంచు చుట్టూ ఉన్న కట్టు వదులైతే విప్పి మళ్లీ బిగించాలి. పుట్టికి అంచే నడుము. అది వదులైతే మిగతా గంపంతా గట్టిగా ఉన్నా లాభం లేదు.

మూడోది, సంచులు. నడిగడ్డలో పత్తి విత్తనాల సాగు, వరి సాగు ఎక్కువ. ఎరువు సంచులకు కొదవ లేదు. అడిగితే ఊరికే ఇస్తారు. కానీ తెచ్చింది తెచ్చినట్టు కుట్టేయకూడదు. ఎరువు పొడి మిగిలితే డాంబరు పట్టుకోదు. ఉతికి, ఆరబెట్టి, అంచులు విప్పి పరవాలి. ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కించి కుట్టాలి. ఏడాదిపాటు ఎండలో పడి ఉన్న సంచి చూడ్డానికి బాగానే ఉంటుంది, గుంజితే పొడిపొడిగా రాలుతుంది. కుట్టేముందు ప్రతి సంచినీ రెండు చేతులతో లాగి చూస్తే ఆ గుట్టు బయటపడుతుంది.

నాలుగోది నాకు బాగా నచ్చింది. తొడుగు గంపకు బిగించాక, పూత వేయకముందు, పుట్టిని అంచు మీద నిలబెట్టి అడుగుభాగాన్ని సూర్యుడి వైపు తిప్పారు పెద్దాయన. "లోపలికొచ్చి సూడు సారు" అన్నారు. తల దూర్చి చూస్తే ఏముంది... పట్టపగలు చుక్కలు! కుట్టు జారిన చోట, సంచి నలిగిన చోట, సన్నటి వెలుతురు బొట్లు. కోడలు వాటన్నిటికీ సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. పదకొండు లెక్క తేలాయి. ఒక్కోదానికీ చిన్న గుడ్డ అతుకు వేసింది.

ఐదోది, పూత. డాంబరును పాత డబ్బాలో, ఆరుబయట, సన్నటి మంట మీద కరిగించాలి. ధారగా జారేంత వేడి చాలు. పొగలు కక్కేదాకా కాస్తే ప్లాస్టిక్ సంచి ముడుచుకుపోతుంది, అక్కడే కొత్త చిల్లి పడుతుంది. ముందు కుట్ల మీద, అతుకుల మీద పూసి, తర్వాత మిగతా చోట పూయాలి. కర్రకు గుడ్డ కట్టుకుంటే అదే బ్రష్షు. ఒకేసారి దట్టంగా పూస్తే ఎండకు కిందికి జారిపోతుంది. పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకోటి. చివర్లో పైన సన్నటి ఇసుక చల్లితే చేతికి, బండకు అంటుకోదు.

జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. వేడి డాంబరులో నీటిచుక్క పడిందా... నూనెలో పడ్డట్టే చిటపటలాడి మీదకు చిమ్ముతుంది. తడి గరిటె, తడి కర్ర దగ్గరికి రానివ్వకండి. పలచబడుతుందని పొయ్యి మీద ఉండగానే కిరోసిన్ కలిపేవాళ్లున్నారు, మంట అంటుకుంటుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఒంటి మీద పడితే పీకకండి, చర్మం కూడా వచ్చేస్తుంది. ఇరవై నిమిషాలపాటు చల్లటి నీళ్లు పోస్తూ ఉండి, తర్వాత ఆసుపత్రికి వెళ్లండి.

సంచులెన్ని? మనుషులెందరు?

ధరలు ఊరికో తీరు, నెలకో తీరు. అందుకే రూపాయలు రాయడం లేదు. కొలతలు మాత్రం మారవు. పెద్దాయన పుట్టి అడ్డంగా ఏడడుగులు, లోతు రెండడుగులు. అంటే అడుగుభాగం 38 చదరపు అడుగులు, చుట్టూ గోడ మరో 44. మొత్తం 80కి కాస్త పైన. విప్పి పరిచిన ఎరువు సంచి దాదాపు 12 చదరపు అడుగులు వస్తుంది. ఏడు సంచులు చాలన్నమాట. కానీ జానెడు జానెడు ఎక్కించాలి, అడుగున రెండో పొర వేయాలి కాబట్టి పన్నెండు దగ్గర పెట్టుకోవడం మంచిది. మీ దగ్గరున్న పడవ ఏదైనా ఇలాగే ముందు వైశాల్యం లెక్కేసుకోండి. రంగు డబ్బాలు ఎక్కువ కొని మూలన పడేసే ఖర్చు తప్పుతుంది.

ఇదే లెక్కతో ఇంకో ముఖ్యమైన సంగతి కూడా తేలుతుంది. ఏడడుగుల పుట్టి ఒక్క అంగుళం లోతుకు దిగితే సుమారు 90 కిలోల బరువు మోస్తుంది. అంటే నలుగురెక్కినా మూడంగుళాలకు మించి దిగదు. మరి రెండడుగుల గోడ ఉండగా పదిమంది ఎక్కితే మాత్రం ఏమవుతుంది అనిపిస్తుంది కదూ? అక్కడే ఉంది మోసం. పుట్టిని ముంచేది బరువు కాదు, బరువు ఒక పక్కకు ఒరగడం. ఒకరు భయపడి లేచి నిలబడితే పక్కవాళ్లూ లేస్తారు. అంచు నీటిని తాకుతుంది. ఆ తర్వాత లెక్కలేమీ ఉండవు.

నది మరిచిపోనివ్వదు

ఈ నది అలాంటివి చాలా చూసింది. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట దగ్గర సింగోటం జాతరకు వస్తున్న పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. 2020 ఆగస్టులో నారాయణపేట జిల్లా పంచదేవ్‌పహాడ్ దగ్గర పుట్టి తిరగబడింది. అందులో ఉన్నది 13 మంది. సరుకులు కొనుక్కుని నది మధ్య లంకలోని ఇళ్లకు తిరిగి వెళ్తున్నవాళ్లు. తొమ్మిది మంది బయటపడ్డారు. నలుగురు గల్లంతయ్యారు.

ఇవి చెప్పినప్పుడు పెద్దాయన చేతిలో కొడవలి ఆగింది. "గందుకే నేను మనుషులను ఎక్కించుకోను సారు. పైసలిస్తమని అడుగుతరు. అవతలి ఒడ్డుకు దింపమంటరు. ఇది చేపల పుట్టి. చేపలకు ఈత వస్తది, మనుషులకు రాదు" అన్నారు.

నేను కోడలి వైపు తిరిగా. అందరూ ఒక కుట్టు వేసే చోట ఆమె రెండు కుట్లు వేస్తోంది. దారం కూడా సుతిలి కాదు, వలలకు వాడే నైలాన్. సంచులు ఊరికే వచ్చాయి, డబ్బా పాతదే, బ్రష్షు గుడ్డపీలికే. అన్నింట్లోనూ పొదుపు పాటించి, దారం దగ్గర మాత్రం ఖర్చెందుకు పెట్టారని అడిగా.

ఆమె దబ్బనం ఆపలేదు. "రాత్రిపూట వల వేయనీకి పొయ్యేది మా ఇంటాయనే కద సారు. తెల్లారేదాంక ఒడ్డు దిక్కు చూసుకుంట కూసునేది నేనే. ఈ కుట్టు గట్టిగుంటేనే నాకు నిద్ర పడ్తది" అంది.

ఆ మాట తర్వాత చాలాసేపు నాకు ప్రశ్నలేవీ తోచలేదు.

బడ్జెట్‌లో పని చేయడమంటే అన్నీ చవకగా కొనడం అనుకుంటాం. కాదు. ఎక్కడ తగ్గించినా పర్లేదో, ఎక్కడ తగ్గించకూడదో తెలుసుకోవడం. పుట్టి విషయంలో సంచి పాతదైనా సరే, దారం కొత్తదే కావాలి. పూత అందంగా లేకపోయినా సరే, కుట్టు మీద మాత్రం తప్పకుండా ఉండాలి. అన్నిటికన్నా ముందు లైఫ్ జాకెట్. పుట్టి ఖర్చులో దాన్నీ కలిపే లెక్కేయాలి, 'తర్వాత చూద్దాం' జాబితాలో కాదు. పెద్దాయన కొడుకు దగ్గర ఒకటుంది. అది కాక పుట్టిలో రెండు ఖాళీ 20 లీటర్ల క్యాన్లు, మూతలు బిగించి, తాడుతో కట్టి ఉన్నాయి. మూత గట్టిగా ఉన్న అలాంటి క్యాను ఒక్కటి పట్టుకున్నా మనిషి తల నీటిపైనే ఉంటుంది. ఇది జాకెట్‌కు బదులు కాదు, జాకెట్‌కు తోడు.

మీ ఇంటికీ పనికొస్తుంది

కర్ర పడవ ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. వరస ఇదే: ఎండబెట్టడం, గీకడం, పుచ్చిన చెక్క మార్చడం, సందులు పూడ్చడం, ఆ తర్వాతే రంగు. చెక్కల సందుల్లో దూది, పీచు కూరి గుగ్గిలం పూసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. చెక్క లోపల తడి ఉండగా పైన ఆయిల్ పెయింట్ వేస్తే నెల తిరక్కుండా పొక్కులొస్తాయి. వారం రోజులు నీడలో ఆరబెట్టడానికి పైసా ఖర్చు లేదు. కానీ చాలామంది తొందరపడి వదిలేసేది దాన్నే.

పడవ లేనివాళ్లకు ఒక్క ముక్క. వానాకాలానికి ముందు మీ రేకుల షెడ్డు లోపల నిలబడి, తలుపు వేసి, మిట్టమధ్యాహ్నం పైకి చూడండి. చుక్కలు కనిపిస్తే సుద్దతో గుర్తు పెట్టుకోండి. పూత తర్వాత, అతుకు ముందు. బీచుపల్లి పాఠం మీ ఇంటి కప్పు మీద కూడా పనిచేస్తుంది.

చుక్క నీరు రాలె

మధ్యాహ్నానికి మొదటి పూత అయింది. "ఒక్కసారి ఎక్కి చూడొచ్చా?" అని అడిగా, ఆశ చావక. పెద్దాయన గట్టిగా తల అడ్డంగా ఊపారు. రెండో పూత పడాలి, ఆరాలి. తర్వాత ఒడ్డునే నీళ్లలో దింపి, లోపల రాళ్లు పేర్చి, ఒక రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే చూస్తే లోపల తడి ఉండకూడదు. అప్పుడే కొడుకైనా ఎక్కేది. "నువ్వు మూడు దినాలు ఆగుతవా?" అన్నారు. నాకు ఆఫీసుంది, పిల్లలు కారులో హారన్ కొడుతున్నారు. సెలవు తీసుకున్నా.

నాలుగో రోజు పొద్దున్నే ఫోను. "సారు, రాళ్లు పెట్టి సూసినం. చుక్క నీరు రాలె" అన్నారు. వెనక నుంచి కోడలి గొంతు ఏదో వినిపించింది. ఏమంటోందని అడిగా. "ఏం లేదు సారు, రాత్రి మంచిగ నిద్రపోయిందంట" అని పెద్దగా నవ్వారు.

ఆ రోజు సాయంత్రం నేను ఇంటికి ఆలస్యంగా వచ్చా. గుమ్మంలోనే మా ఆవిడ, ముఖం నిండా కంగారు. 'ఇప్పుడేం పుట్టి మునిగిందని...' అనబోయి నాలుక కరుచుకున్నా.

ఒడ్డున కూర్చుని ఎదురుచూసేవాళ్లకే తెలుస్తుంది ఆ మాట బరువు. "సారీ, ఫోన్ చేయాల్సింది" అని మాత్రం అన్నా.